సిరామిక్ పౌడర్ స్లర్రీ అడుక్కి దిగిపోతోందా? ఐసీపీలో పెట్టేముందు ఇది చూడండి

అల్యూమినా, జిర్కోనియా లాంటివి యాసిడ్‌లో ఓ పట్టాన కరగవు, ఫ్యూజన్ (ఫ్లక్స్ అనే కరిగించే ఉప్పు కలిపి వేడిచేసి కరిగించడం) చేద్దామంటే ఫ్లక్స్‌తో పాటే కంటామినేషన్ వస్తాది, అందుకే పౌడర్‌ని నీళ్లలో కలిపి స్లర్రీగానే ఐసీపీకి, అంటే బాగా వేడైన ప్లాస్మాలోకి శాంపిల్‌ని పంపి ఏ ఎలిమెంట్ ఎంతుందో కొలిచే మెషీన్‌కి, పంపుతారు. మంచి పద్ధతే. కానీ రీడింగ్ పూటకోలా వస్తోందంటే మెషీన్‌ని అనుమానించకండి, ముందు ట్యూబ్ అడుగున ఏముందో చూడండి.

మా విజయనగరంలో చోడంబలి తాగేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, కుండ కదపకుండా పైనుంచి ముంచితే తేటే వస్తాది, పిండంతా అడుగునే. స్లర్రీని తుంపరగా చేసి ప్లాస్మాలోకి పంపే నెబ్యులైజర్ గొట్టానికీ అదే గతి.

మొదట రేణువు సైజు. 1 మైక్రాన్ అల్యూమినా రేణువు నీళ్లలో గంటకి సుమారు 6 మిల్లీమీటర్లు దిగుతాది, అదే 10 మైక్రాన్లదైతే నిమిషానికే సెంటీమీటర్. పైగా పెద్ద రేణువు ప్లాస్మాలో పూర్తిగా ఆవిరవ్వదు, రిజల్ట్ తక్కువొస్తాది. 2, 3 మైక్రాన్ల లోపు ఉండేలా నూరండి. అగేట్ కల్వంలో నూరితే సిలికా కలుస్తాది, జిర్కోనియా బాల్స్ వాడితే జిర్కోనియం, అందుకని మీరు కొలిచే ఎలిమెంట్ ఏదో చూసుకుని ఎంచుకోండి.

అసలు కథంతా పీహెచ్‌లో ఉంది. వరదప్పుడు నాగావళి ఎర్రనీళ్లలో పటిక తిప్పితే మట్టి ముద్దకట్టి దిగిపోతాది కదా, పటికలోని అల్యూమినియం మట్టి రేణువుల మీదున్న చార్జిని చంపేస్తాది, అవి ఒకదాన్నొకటి తోసుకోవడం మానేస్తాయి. మనకి కావాల్సింది సరిగ్గా దానికి ఉల్టా. అల్యూమినాకి పీహెచ్ 9 దగ్గర చార్జి సున్నా, అక్కడుంటే ముద్దకట్టడం ఖాయం, డైల్యూట్ నైట్రిక్‌తో 3, 4కి తెచ్చుకోండి. సిలికాకి 2 దగ్గర సున్నా కాబట్టి అమ్మోనియాతో 9కి తీసుకెళ్లాలి, సిలికాన్ కార్బైడ్ పైన సన్నటి సిలికా పొర ఉంటాది గనక దానికీ ఇదే లెక్క. యాసిడ్ ఎక్కువేస్తే ఇంకా మంచిదనుకుని నేనోసారి ఒంపేశాను, నిమిషాల్లో పెరుగులా విరిగింది, అయాన్లు ఎక్కువైతే చార్జి ఉన్నా పనిచెయ్యదు. బోరు నీళ్లు అస్సలొద్దు, డీఅయనైజ్డ్ వాటరే.

డిస్పర్సెంట్ (రేణువులు ముద్దకట్టకుండా విడదీసి ఉంచే మందు) వేస్తే అమ్మోనియం పాలీయాక్రిలేట్ లాంటిది చూడండి. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ బాగానే పనిచేస్తాది కానీ అల్యూమినాలో సోడియం కొలవాలంటే మీ పని మీరే చెడగొట్టుకున్నట్టు. ఏది వేసినా అదే కలిపిన బ్లాంక్ (పౌడర్ ఒక్కటీ లేని శాంపిల్) పెట్టాలి. తర్వాత అల్ట్రాసోనిక్ బాత్‌లో పది, పదిహేను నిమిషాలు. స్లర్రీలోనే ముంచే అల్ట్రాసోనిక్ ప్రోబ్ అయితే టైటానియం కొన అరిగి శాంపిల్లో కలుస్తాది.

ఇప్పుడు టెస్ట్. ట్యూబ్ కదపకుండా నిలబెట్టి పైన ఒక సెంటీమీటర్ లోతునుంచి సున్నా, 10, 30 నిమిషాలకి పిపెట్‌తో తీసి కొలవండి, మీ రన్ అయ్యేదాకా నంబర్ నిలబడితే చాలు, రోజంతా నిలబడక్కర్లేదు. అడుగు పొర కూడా చూడండి. దూదిలా ఎత్తుగా, పైన తేటగా ఉంటే చాలామంది కదిపితే లేస్తాదిలే, బాగానే ఉందనుకుంటారు, లేచినా ముద్దలుగానే లేస్తాది, అది ముద్దకట్టిన స్లర్రీ. పైన పాలలా మసగ్గా ఉండి, అడుగున పల్చటి గట్టి పొర మెల్లగా పేరుకుంటే అదే మంచి స్లర్రీ.

రీడింగ్ తీసేటప్పుడు కలుపుతూనే ఉండండి. ఇంకోటేటంటే, స్టీల్ మిల్లులో నూరిన పౌడరైతే మాగ్నెటిక్ స్టిరర్ వద్దు, ఇనుప రజను బార్‌కి అంటుకుపోయి ఐరన్ తక్కువ చూపిస్తాది.