పాత ప్రొక్లెయిన్ ఇంజన్‌లో కూలెంట్ ఎటు పోతోంది?

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లోనూ, గరివిడి వైపు మాంగనీసు గనుల్లోనూ ఏళ్ల తరబడి తిరిగిన ప్రొక్లెయిన్లకు పొద్దున్నే రేడియేటర్‌లో కూలెంట్‌గా, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవంగా, ఒక క్యాను నీళ్లు పోసి పనిలోకి దింపడం చాలామంది ఆపరేటర్లకు అలవాటే. పని నడిచినంతకాలం నడుస్తుంది గానీ, ఆ నీరు బయటికి కారుతోందా, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి దిగుతోందా అన్నది తేలకపోతే ఒకరోజు బేరింగులతో పాటు క్రాంకు కూడా పోతుంది. అందుచేత స్పానరు పట్టుకునే ముందే నీరు పోయే దారిని కనిపెట్టాలి.

పరీక్షను రాత్రంతా ఆగి ఉన్న బండి మీద, స్టార్టు చేయక ముందే మొదలుపెట్టాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినా, పాలు కలిపిన టీ రంగు కనిపించినా నీరు కలిసిందని అర్థం. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి రాత్రికి అడుగుకు చేరుతుంది. ఛాంబర్ డ్రెయిన్ ప్లగ్‌ను పూర్తిగా విప్పకుండా మెల్లగా వదులు చేసి, కింద తెల్లటి గిన్నె పెట్టి చూస్తే, ఆయిల్ కంటే ముందుగా నీటి చుక్కలు రాలుతాయి. రేడియేటర్ మట్టం రాత్రికి రాత్రే బాగా పడిపోయి, ఇంజన్ కూడా తిరగకుండా పట్టేస్తే సెల్ఫ్ కొట్టడం తక్షణం ఆపాలి. సిలిండర్‌లో చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

తర్వాత, ఇంజన్ చల్లగా ఉండగానే, రేడియేటర్ మూతి మీద ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద ముద్రించిన ఒత్తిడి వరకే పంపు కొట్టి, పావుగంట సేపు ముల్లును గమనించాలి. ముల్లు దిగుతుంటే టార్చి పట్టుకుని హోస్ పైపుల చివరలు, రేడియేటర్ ట్యాంకు అతుకులు, థర్మోస్టాట్ హౌసింగ్, బ్లాక్ పక్కన ఉండే వాటర్ ప్లగ్గులు, ఆయిల్ కూలర్ కవరు ప్యాకింగ్ వరుసగా చూడాలి. వేడి ఇంజన్ మీద పడిన చుక్క ఆవిరైపోయి తెల్లటి మరక మాత్రమే మిగులుతుంది; పైగా ముదిరిన రబ్బరు చల్లదనానికి కుంచించుకుని కారి, వేడెక్కాక మళ్లీ బిగుసుకుంటుంది. అందుకే మధ్యాహ్నం వెతికితే దొరకని లీకు తెల్లవారుజామున దొరుకుతుంది. వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి ధారగా కారుతుంటే లోపలి సీలు పోయిందని తెలుసుకోవాలి. ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో పూడ్చే మెకానిక్కులు ఉన్నారు. అలా చేస్తే కారే నీరు పంపు బేరింగులోకి పోతుంది. మూతను కూడా విడిగా పరీక్షించాలి, ఎందుకంటే వ్యవస్థలో ఒత్తిడి ఒక పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌను) పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒకటిన్నర డిగ్రీ సెల్సియస్ పెరుగుతుంది, మూత స్ప్రింగు నీరసిస్తే ఆ లాభం పోయి నీరు పొంగిపోతుంది.

ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపలే ఉంది. ఇక్కడే తొందరపడి, సిలిండర్లను పైనుంచి మూసే హెడ్డు విప్పేస్తుంటారు. నా ఉద్దేశంలో ముందు అనుమానించవలసినది ఆయిల్ కూలర్‌ను. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిల్ రేడియేటర్‌లోకి వచ్చి తేలుతుంది. ఆపిన తర్వాత నీటి ఒత్తిడి మిగిలి ఉండి, నీరు ఆయిల్‌లోకి పోతుంది. రేడియేటర్‌లో ఆయిల్ లేకుండా, చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే మూతి దగ్గర ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్డుకూ బ్లాక్‌కూ నడుమ ఉండే ప్యాకింగ్ అయిన హెడ్ గ్యాస్కెట్ మీదో, హెడ్డులో పగులు మీదో దృష్టి పెట్టాలి.

మిగిలినది లైనర్లు, అంటే పిస్టన్లు తిరిగే సిలిండర్ గొట్టాలు. కమిన్స్ ఎన్‌టీ 855 వంటి తడి లైనర్ (బయటి గోడకు నేరుగా నీరు తగిలే లైనర్) ఇంజన్‌లో ఛాంబర్ దించి, ప్రెషర్ టెస్టర్‌తో ఒత్తిడి నిలిపి, కింద నుంచి టార్చి వేస్తే ఏ లైనర్ దగ్గర చుక్క కడుతోందో కంటికే కనిపిస్తుంది. కమిన్స్ 6బీటీలో లైనర్లే ఉండవు, పిస్టన్ నేరుగా బ్లాక్‌లోనే తిరుగుతుంది, కాబట్టి అక్కడ ఈ వెతుకులాట అవసరం లేదు. చుక్క లైనర్ అడుగు అంచున కడితే నీరు దిగకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు పోయినట్టు, లోపలి గోడ మీద కడితే లైనరే చిల్లుపడినట్టు. పిస్టన్ అదురుకు లైనర్ కంపించి, నీటిలో పుట్టిన సన్నటి ఆవిరి బుడగలు గోడ మీదే పగులుతూ ఇనుమును సూదిమొనంత గుంటలుగా తొలిచేస్తాయి. అటువంటి లైనర్‌ను మార్చడమే తప్ప మరమ్మతు లేదు.

కొత్త లైనర్ దించే ముందు అది కూర్చునే అంచును తుప్పు లేకుండా గీకి, లైనర్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకుని ఉందో డయల్ గేజ్‌తో కొలిచి, మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. అది తగ్గితే కొత్త గ్యాస్కెట్ కూడా ఎక్కువ కాలం నిలవదు. హెడ్డు వంపును స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో చూసి, వంగి ఉంటే మెషిన్ షాపులో చదును చేయించాలి. బోల్టులను నడుమ నుంచి అంచులకు, విడతలు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. ఛాంబర్ ఎక్కించకముందే మళ్లీ ఒత్తిడి పెట్టి చూస్తే రెండోసారి విప్పే బాధ తప్పుతుంది.

రేడియేటర్‌లో పసుపు పోసే పాత చిట్కా సన్నటి లీకును కాసేపు ఆపుతుందేమో గానీ, ఆయిల్ కూలర్ దారులను కూడా మూసేస్తుంది. బోరు నీటిలోని సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్, ఇంజన్‌కు తగిన హెవీ డ్యూటీ కూలెంట్ సగం సగం కలిపి, గాలి పోయే ప్లగ్ తెరిచి నెమ్మదిగా నింపాలి. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లారాక మట్టం మళ్లీ చూడాలి. దింపిన పాత కూలెంట్ తియ్యగా ఉండే విషం, పశువులు, కుక్కలు తాగుతాయి. దానిని నేల మీద వదలకుండా మూత ఉన్న డబ్బాలో పట్టాలి.