ఎమ్మెల్యేకు అర్జీ రాయడం – పాఠం 3: ఒక కాగితం, ఒకే పని

పోయిన పాఠంలో మీ నియోజకవర్గం ఏదో సరిచూసుకోమన్నాను. తిరుచానూరు వైపు ఉండేవాళ్లు ఇంకోసారి చూసుకోండి. ఊరు తిరుపతిని ఆనుకునే ఉన్నా, తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి నియోజకవర్గం కిందికి వస్తుంది.

ఈసారి అసలు రాత. రోడ్డు వేయించే ఇంజినీరు ఎమ్మెల్యే ఆఫీసులో ఉండడు. ఎమ్మెల్యే మీ అర్జీ మీదే రెండు మాటలు రాసి సంతకం పెట్టి ఆ శాఖ అధికారికి పంపుతారు, లేదా లెటర్‌హెడ్ మీద సిఫార్సు లేఖ ఇస్తారు. అంటే చివరికి మీ కాగితం చదివి కదలాల్సింది ఆ అధికారి. ఆయన్ని దృష్టిలో పెట్టుకుని రాయాలి.

మా వీధివాళ్లం మొదటిసారి రాసినప్పుడు ఈ సంగతి తెలీదు. రోడ్డు, తాగునీళ్లు, వీధి దీపాలు, రేషన్ కార్డులు, అన్నీ ఒకే అర్జీలో పెట్టాం. ఎమ్మెల్యే దాని మీద 'పరిశీలించగలరు' అని రాసి ఒక ఆఫీసుకు పంపారు. ఆ రోడ్డు మాది కాదు అని వాళ్లు పక్కన పెట్టేశారు. దాంతోపాటే మిగతా మూడూ మూలపడ్డాయి. నెలల తరబడి తిరిగాం. ఆ తిప్పలు మీకు వద్దు. నాలుగు పనులుంటే నాలుగు అర్జీలు రాయండి.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: 'మా ఊరి రోడ్డు అధ్వానంగా ఉంది, దయచేసి పట్టించుకోండి.' బాధ నిజమే, కానీ దీన్ని పట్టుకుని ఏ ఇంజినీరూ ఊరికి రాలేడు. దాన్నే ఇలా రాద్దాం:

'పాకాల మండలంలోని మా ఊరి నుంచి హైస్కూలుకు పోయే పంచాయతీరాజ్ రోడ్డులో, వంక మీది కల్వర్టు 2021 నవంబరు వరదకు ఒక పక్క కుంగింది. ఇంతవరకు బాగుచేయలేదు. వంక పారిన రోజు పిల్లలు బడికి పోలేకపోతున్నారు. ఎస్టిమేట్ వేయించి, కొత్త కల్వర్టు మంజూరు చేయించమని కోరుతున్నాం.'

'ఎస్టిమేట్ వేయించి' అన్న మాట దగ్గర ఆగండి. ఎస్టిమేట్ అంటే పనికి ఎంత ఖర్చవుతుందో ఇంజినీరు వేసే లెక్క. ఏ పనికైనా ముందు కావాల్సింది అదే. నేరుగా పని ఒక్కటే అడిగితే 'నిధులు లేవు' అని సులువుగా అనేస్తారు. ఎస్టిమేట్ అడిగితే కనీసం కొలతలు తీసుకోవడానికైనా ఎవరో ఒకరు రావాలి. 'పంచాయతీరాజ్ రోడ్డు' అని రాయడమూ అంతే ముఖ్యం. అది ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డయితే వెళ్లాల్సిన ఆఫీసే వేరు. మీది ఏదో మీ గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను అడిగి తెలుసుకోండి.

కుంగిన చోటు ఫోటో ఒకటి జత చేయండి. అర్జీ ఇచ్చేటప్పుడు దాని జిరాక్స్ మీద, అర్జీ తీసుకున్నవాళ్ల చేత తేదీ వేయించి సంతకం తీసుకోండి.

వచ్చే పాఠానికి మీ ఊరి సమస్య ఒక్కటి తీసుకుని ఐదు వాక్యాల్లో రాసి ఉంచండి. సిఫార్సు లేఖ ఆఫీసుకు చేరాక దాన్ని వెంటపడి కదిలించడం ఎలాగో, అదే సమస్యను శాసనసభలో ప్రశ్నగా అడగమని ఎమ్మెల్యేను ఎప్పుడు కోరాలో ఆ కాగితంతోనే నేర్చుకుందాం.