టెక్ కాన్ఫరెన్స్: వెళ్లాలా, ఇంట్లోంచి చూడాలా? ఎలా హాజరైతే ఫలితం ఉంటుంది?

ఇంట్లోంచి కాన్ఫరెన్స్ చూసేవాళ్లలో చాలామంది ఒక ట్యాబ్‌లో టాక్ పెట్టి, ఇంకో ట్యాబ్‌లో ఆఫీసు పని చేసుకుంటారు. మధ్యాహ్నానికి టాక్ మ్యూట్‌లోకి పోతుంది. లక్షలు ఖర్చుపెట్టి వెళ్లినవాళ్లేమో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హాల్లో కూర్చుని, తర్వాత ఎలాగూ రికార్డింగ్ దొరికే టాకులే విని వస్తారు. రెండు పద్ధతులూ దండగే. ఓపెన్ సోర్స్ వాళ్లంతా చేరే ఫాస్‌డెమ్‌ని ఉదాహరణగా పెట్టుకుని సరైన పద్ధతి చెప్తాను. ఇది ఏటా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో, శని ఆదివారాల్లో, బ్రసెల్స్‌లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో జరుగుతుంది. టికెట్టు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, టాకులు లైవ్‌లో వస్తాయి.

1. ముందు తేల్చుకోండి

షెడ్యూల్ తెరిచి, మీరు కలిసి మాట్లాడాల్సిన ముగ్గురి పేర్లు కాగితం మీద రాయండి. ఎవరిని ఏం అడగాలో కూడా పక్కనే రాయండి. ముగ్గురు దొరికితే వెళ్లండి, లేకపోతే ఇంట్లోనే చూడండి. టాకుల కోసం విమానం ఎక్కనక్కర్లేదు, మనుషుల కోసమే ఎక్కాలి. కాన్ఫరెన్స్ మన ఊరికే వస్తే మాత్రం ఈ లెక్క వర్తించదు. పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా 2018లోనూ 2023లోనూ హైదరాబాద్‌లో జరిగింది. అలాంటప్పుడు కూకట్‌పల్లిలో ఉండి స్క్రీన్ ముందు కూర్చోవడం అన్యాయం.

2. సరంజామా

ఇంట్లోంచి అయితే వైరున్న ఇయర్‌ఫోన్లు, ఒక నోట్‌బుక్కు, గది తలుపుకి గడియ చాలు. వెళ్లేవాళ్లకి పవర్ బ్యాంకు, మంచి చలికోటు, అదే నోట్‌బుక్కు. నోట్సు కాగితం మీదే రాయాలి, ల్యాప్‌టాప్ తెరిస్తే మెయిల్ తెరిచినట్టే. షెంగెన్ వీసాకి ఆర్నెల్ల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి డిసెంబరు దాకా ఆగకండి.

3. టైము

చలికాలంలో బ్రసెల్స్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అక్కడ ఉదయం 9:30 అంటే మనకు మధ్యాహ్నం 2. భోంచేసి కూర్చోవచ్చు. లాస్ వేగాస్‌లో జరిగే అమెజాన్ క్లౌడ్ విభాగం కాన్ఫరెన్స్ ఏడబ్ల్యూఎస్ రీఇన్వెంట్ అలా కాదు, తేడా పదమూడున్నర గంటలు. అక్కడ ఉదయం 8కి మొదలయ్యే ముఖ్య ప్రసంగం (కీనోట్) మనకు రాత్రి 9:30కి వస్తుంది. అది చూసి పడుకోండి. మిగతా సెషన్లు మన తెల్లవారుజామున నడుస్తాయి. వాటిని రికార్డింగ్‌లోనే చూడాలి. రాత్రంతా మేలుకుని చూసినవాళ్లకి మర్నాడు గుర్తుండేది ఏమీ ఉండదు.

కొన్ని ఆఫీసుల్లో మీటింగ్ రూమ్‌లో ప్రొజెక్టర్ పెట్టి, సమోసాలు తెప్పించి, అందరినీ కూర్చోబెడతారు. దీనికన్నా ఒంటరిగా చూడటం మేలు. గుంపులో ఎవరికీ అవసరం లేని టాక్ అందరూ చూస్తారు, ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. పనిరోజైతే సెలవు పెట్టి, సొంతంగా చూడండి.

4. టాక్ అయ్యాక ఐదు నిమిషాలు

అసలు పని ఇక్కడుంది. చెడేది కూడా ఇక్కడే.

ప్రశ్న ముందురోజే తయారవ్వాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద టాక్ అనుకోండి. "పోస్ట్‌గ్రెస్ పెర్ఫార్మెన్స్ ఎలా పెంచాలి?" అనేది ప్రశ్న కాదు. దానికి ఎవరైనా డాక్యుమెంటేషన్ చూడమనే చెప్తారు. "పార్టిషన్ చేసిన పేరెంట్ టేబుల్‌ని ఆటోవాక్యూమ్ అనలైజ్ చేయదు కదా, మేం రోజూ రాత్రి క్రాన్‌తో చేయిస్తున్నాం, మీరు ఏం చేస్తున్నారు?" అంటే ఆ స్పీకర్ ఆగి మీ వైపు తిరుగుతాడు. (ముక్కలుగా విడగొట్టిన టేబుల్ మొత్తం గణాంకాల్ని పోస్ట్‌గ్రెస్ దానంతటది తాజా చేయదు, అందుకే టైముకి పనులు నడిపే ప్రోగ్రామ్‌తో రోజూ చేయిస్తున్నాం అని దీని అర్థం.) మీరు వాడే వెర్షన్, చేసి చూసింది, ఆగిపోయిన చోటు, ఈ మూడూ రెండు వాక్యాల్లో ఇమడాలి. గట్టిగా చదివి చూసుకోండి.

ఎదురుగా ఉన్నప్పుడు స్టేజీ దగ్గర మూగకండి. తర్వాతి స్పీకర్ అప్పటికే కేబుల్ పెట్టుకుంటుంటాడు. తలుపు బయట, కారిడార్‌లో నిలబడండి. అక్కడ టాక్ ఇచ్చినాయన చుట్టూ చిన్న గుంపు కడుతుంది. మనవాళ్లు మర్యాదకి పోయి వెనక నిలబడి, అందరూ వెళ్లాక అడుగుదాం అనుకుంటారు. అందరితో పాటు ఆయనా వెళ్లిపోతాడు. ఇద్దరు అడిగేదాకా విని, మూడోవాళ్లుగా ముందుకు రండి. సార్ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలిస్తే అక్కడెవరూ ఏమీ అనుకోరు. సెల్ఫీ, ఉద్యోగం ఊసు ఎత్తకండి. జవాబు విన్నాక పక్కకి జరిగి, గోడకి ఆనుకుని అప్పుడే రాసుకోండి. ఒకమాట: ఫాస్‌డెమ్‌లో ఎక్కువ గదులు చిన్నవి, నిండితే తలుపు మీద ఫుల్ అని బోర్డు పెడతారు. కారిడార్‌లోకి వస్తే సీటు పోయినట్టే. పోనివ్వండి.

ఇంట్లోంచి అయితే ఇంకా జాగ్రత్త. స్ట్రీమ్ మన దగ్గరికి కొంత ఆలస్యంగా వస్తుంది. "ప్రశ్నలున్నాయా?" అని మీకు వినబడేసరికి అక్కడ మోడరేటర్ మొదటి ప్రశ్న చదివేస్తుంటాడు. టాక్ సగంలో ఉండగానే చాట్‌లో టైపు చేసి పంపేయండి. 2021, 2022ల్లో ఫాస్‌డెమ్ పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగినప్పుడు టాకులు ముందే రికార్డు చేసి వేసేవాళ్లు, అవి నడుస్తుండగా స్పీకర్ చాట్‌లోనే దొరికేవాడు. ఇప్పుడు స్టేజీ మీదున్న మనిషి చాట్ చూడలేడు. అందుకే జవాబు రాకపోతే అలిగి కూర్చోకుండా, రెండు రోజుల్లోపు ఆ టాక్ ఏ ప్రాజెక్టు గురించో దాని మెయిలింగ్ లిస్టులో (ఆ ప్రాజెక్టు వాళ్లు ఈమెయిల్‌లో చర్చించుకునే చోట) అడగండి. ఏ టాక్, స్పీకర్ ఆ మాట ఎన్నో నిమిషంలో అన్నాడో రాయండి. లింక్డ్‌ఇన్‌లో ఉత్త "హాయ్" పంపి ఎదురుచూస్తే ఎవరూ పలకరు.

5. తిరిగొచ్చాక

తర్వాత చూద్దామనుకున్న వీడియోలు మూడుకి మించి దాచుకోకండి. వారం లోపల చూడనివి లిస్టులోంచి తీసేయండి. బుధవారానికల్లా టీమ్‌కి ఒక పేజీ రాసి పంపండి. అందులో టాకుల సారాంశం వద్దు, అది వీడియోలోనే ఉంటుంది. మీరు అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, దాన్నిబట్టి మీ కోడ్‌లో మార్చబోయేది ఉంటే చాలు.