రూమ్మేట్ మత్తుకు అలవాటు పడితే ఏం చేయాలి?

కాలేజీలో ఒకరు మత్తుకు అలవాటు పడుతున్నారంటే ముందు తెలిసేది ఇంట్లోవాళ్లకు కాదు, లెక్చరర్లకూ కాదు, పక్క మంచం మీద పడుకునేవాడికి. ఇది ఆ పక్క మంచం వాళ్ల కోసం. (‘వాడు’ అని రాస్తున్నా గానీ అమ్మాయిల హాస్టల్లోనూ ఇదే కథ.) ఒకటి ముందే అనుకోండి: మాన్పించడం మీ పని కాదు. కౌన్సెలర్ దాకా తోడు వెళ్లడం, తర్వాత సాయంత్రాలు ఖాళీగా పోకుండా చూడటం, ఈ రెండే మీ పనులు.

1. మాట్లాడే ముందు, చూసింది గుర్తుపెట్టుకోండి

బ్యాగులు వెతకొద్దు, ఫోన్ చూడొద్దు. కళ్లెదుట జరిగినవి చాలు. ఏ రోజు ల్యాబ్‌కి పోలేదు, ఏ రాత్రి ఎలా వచ్చాడు, ఎవరి దగ్గర అప్పు చేశాడు. ‘నువ్వు తాగుబోతువైపోతున్నావ్’ అంటే గొడవ అవుతుంది. ‘మంగళవారం ల్యాబ్‌కి రాలేదు’ అంటే కాదనడానికి ఏముంటుంది?

2. అడగండి, వాదించకండి

మత్తులో ఉన్నప్పుడు వద్దు, మర్నాడు తలనొప్పితో లేచినప్పుడూ వద్దు. సాయంత్రం అలా నడుస్తూ మాట్లాడండి. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు, నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది.

“ఒరేయ్, ఈ వారం రెండు ల్యాబులు పోయాయి. శుక్రవారం నిన్ను మెట్ల మీంచి మోసుకొచ్చాం. నాకు భయమేసింది రా.”

అక్కడ ఆగండి. “అందరూ తాగట్లేదా?” అంటాడు. జవాబివ్వకండి. ‘మానెయ్’ అని మీరు ఎంత గట్టిగా అంటే, మానకపోవడానికి కారణాలు అతను అంత గట్టిగా వెతుకుతాడు. అవి చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్ముతాడు. మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో ఈ చిక్కు మీదే ఒక కౌన్సెలింగ్ పద్ధతిని ప్రతిపాదించారు. అందులో వాడే ఒక ప్రశ్న మీకూ పనికొస్తుంది: “తగ్గించాలని పదిలో ఎంత ఉంది?” మూడు అన్నాడనుకుందాం. “ఏడెందుకు కాదు?” అని అడిగితే సాకులు వస్తాయి. “సున్నా ఎందుకు కాదు మరి?” అని అడిగి చూడండి. కాసేపు మాట్లాడడు. ఆ తర్వాత ‘పరీక్షలున్నాయి కదా’ అనో ‘అమ్మకి తెలిస్తే...’ అనో తనే అంటాడు. ఆ మాట మీరు వంద సార్లు చెప్పినా దిగదు.

3. మొదటిసారి వెంట వెళ్లండి

‘వెళ్తాలే’ అన్న మాట మర్నాటికి చల్లారిపోతుంది. అక్కడికక్కడే అపాయింట్‌మెంట్ పెట్టించండి. వెంట వెళ్లి బయట కూర్చోండి.

చాలామందికి భయం కౌన్సెలర్ అంటే కాదు, విషయం బయటికి పోతుందేమోనని. అందుకే ఏదీ చెప్పకముందే ‘నేను చెప్పింది ఎవరెవరికి తెలుస్తుంది?’ అని సూటిగా అడగమనండి. మామూలుగా గుట్టుగానే ఉంచుతారు, ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప. కానీ నియమాలు అన్ని చోట్లా ఒకేలా ఉండవు, అడగడమే మేలు.

లోపల ఏం వాడతావు, ఎంత, ఎప్పుడెప్పుడు, ఒంటరిగానా, నిద్ర ఎలా ఉంది, దిగులు ఉందా అని అడుగుతారు. మందు విషయమైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన పది ప్రశ్నల పత్రం ఇవ్వొచ్చు. మొత్తం 40 మార్కులు, 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి. అన్నట్టు, ఆ “అందరూ తాగట్లేదా?”కి జవాబు ఇక్కడ దొరుకుతుంది. తోటివాళ్లు నిజంగా తాగేదానికంటే ఎక్కువ తాగుతున్నారని విద్యార్థులు ఊహించుకుంటారు. ఆ ఊహ పక్కనే అసలు లెక్క కూడా చూపిస్తే కొందరు అక్కడే తగ్గిస్తారు.

4. ఉన్నట్టుండి మానిపించకండి

రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లోనే మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కొన్ని రకాల నిద్రమాత్రలు చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపేసినా మూర్ఛ రావచ్చు. ఇక్కడ పట్టుదల పనికిరాదు, డాక్టర్ కావాలి. గంజాయి ఆపితే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం ఉంటాయి. మొదటి వారం కష్టం, రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది.

పిలిచినా కదిపినా లేవడం లేదు, శ్వాస నెమ్మదించింది, పెదాలు నీలంగా మారాయి అంటే ‘పడుకుంటే దిగిపోతుంది’ అనుకోవద్దు. తాగడం ఆపాక కూడా రక్తంలో మద్యం కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, ఒంటరిగా వదలకండి.

5. సాయంత్రాలు కాపు కాయండి

కౌన్సెలింగ్ వారానికో గంట. సాయంత్రాలు ఏడు. తాగాలన్న తపన అలలా లేచి, తలొగ్గకపోతే చాలాసార్లు అరగంటలోపే దానంతటదే దిగుతుంది. ఆ అరగంటకి తోడు కావాలి. చెప్పులేసుకుని బయటికి నడవండి, ఆట ఆడండి, బట్టలు ఉతకండి, ఏదైనా సరే. గదిలో సీసా ఉండకూడదు. మీరూ తాగేవారైతే, ఆ గదిలో మాత్రం తాగకండి. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం కోలుకుంటున్న విద్యార్థుల కోసం 1988లోనే విడిగా వసతి ఏర్పాటు చేసింది. మీ దగ్గర అలాంటిది లేకపోతే ఆ ఒక్క గదినైనా అలా మార్చుకోవచ్చు.

డబ్బు అప్పివ్వకండి, ప్రాక్సీ వేయకండి. దెబ్బ తగలకుండా మీరు అడ్డం పడ్డ ప్రతిసారీ అలవాటుకి ఇంకో వారం దొరుకుతుంది.

6. మళ్లీ తాగి వస్తే

చాలామంది విషయంలో ఇది జరుగుతుంది. ఆ రాత్రి తిట్టకండి. మర్నాడు ఎక్కడ, ఎవరితో, ఎన్ని గంటలకు అని మాత్రం అడిగి, తర్వాతి అపాయింట్‌మెంట్ ముందుకు జరిపించండి. హెరాయిన్ లాంటివి వాడేవాళ్లతో ఒక మాట తప్పక చెప్పాలి: కొన్నాళ్లు మానేశాక శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఒకప్పుడు తీసుకున్న మోతాదే ఇప్పుడు చంపేయగలదు.

ఈ మధ్యలో మీకే నిద్ర పట్టకపోవచ్చు, మీ చదువే వెనకబడొచ్చు. అదే కౌన్సెలర్ దగ్గర మీ పేరు మీద కూడా ఒక టైము తీసుకోండి. రూమ్మేట్ గురించి మాట్లాడాలంటే చాలు, కాదనరు.