కుక్కలూ ట్రైలరూ వెంటేసుకుని భీమిలి దారిలో: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ట్రైలర్‌లో సామాను బరువు 60 శాతం ఇరుసుకు ముందువైపే సర్దండి. వెనక బరువెక్కితే వేగం పెరగ్గానే ట్రైలర్ అటూఇటూ ఊగి కారునీ లాగేస్తుంది. సేఫ్టీ గొలుసులు హిచ్ (ట్రైలర్‌ని కారుకు తగిలించే కొక్కెం) కింద అడ్డదిడ్డంగా కాదు, ఇంటూ గుర్తులా తగిలించాలి. బ్రేకు లైట్లు వెలిగించి చూడండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే వాటిలో గాలి కొలవాలి.

కుక్కలు కార్లోనే, బెల్టుతో, ట్రైలర్‌లో వద్దు. తిండి 3-4 గంటల ముందే పెట్టేయండి, లేకపోతే వాంతులు. చేతి వెనకభాగం తారు మీద 7 సెకన్లు ఆనించలేకపోతే నడిపించొద్దు. మంచినీళ్లు తరచూ పట్టండి. దాహమేస్తే సముద్రపు నీరు తాగి విరేచనాలు తెచ్చుకుంటాయి.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీదకి బండి ఎక్కించొద్దు, అది భూవారసత్వ ప్రదేశం (అరుదైన నేల రూపంగా కాపాడాల్సిన చోటు).