చంటిబిడ్డతో సొంత బిజినెస్: ముందు మీ గంటలు లెక్కపెట్టుకోండి

పిల్లల్ని పెంచుతూ సొంత వ్యాపారం నడిపే ఆడవాళ్లకి అందరూ చెప్పే మాట ఒకటే, టైమ్ టేబుల్ వేసుకో అని. వేసుకోవచ్చు, తప్పులేదు. కానీ అంతకంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. అసలు మీ చేతికి రోజుకి ఎన్ని గంటలు చిక్కుతున్నాయో ఉన్నదున్నట్టు లెక్క చూసుకోవడం. ఒక వారం పాటు ఫోన్‌లోనో కాగితం మీదో రాయండి: పాప ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఆ మధ్యలో మీరు నిజంగా పని మీద కూర్చున్నది ఎంతసేపు. ఐదారు గంటలు దొరుకుతున్నాయని అనుకునేవాళ్లకి కూడా లెక్క తీస్తే రెండో మూడో తేలడం మామూలే. ఆ రెండు గంటలకి సరిపడా ఆర్డర్లే ఒప్పుకోండి. తలకి మించి ఒప్పుకుని రాత్రిళ్లు మేలుకుని పూర్తి చేయడం కొన్నాళ్లు నడుస్తుంది, ఆ తర్వాత ఒంట్లో ఓపిక పోయి అటు పనీ ఇటు ఇల్లూ రెండూ దెబ్బతింటాయి.

ఈ లెక్క బిడ్డ వయసుతో పాటు మారిపోతుంది, అది ముందే తెలిసుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డకి రోజుకి 14 నుంచి 17 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వినడానికి బోలెడంత ఖాళీ ఉన్నట్టే ఉంటుంది, కానీ అదే బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది, కాబట్టి ఆ నిద్రంతా ముక్కలు ముక్కలే, మీ నిద్ర కూడా అంతే. ఈ మూడు నెలల్లో కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. ఉన్న కస్టమర్లు చేజారకుండా చూసుకుంటే చాలు, వీలైతే డెలివరీకి ముందే వాళ్లకి చెప్పేయండి, ఫలానా నెల దాకా కొత్త ఆర్డర్లు తీసుకోనని. నాలుగో నెల దాటాక నిద్ర మెల్లగా ఒక దారిన పడుతుంది, పగటి కునుకులకి కాస్త వేళాపాళా వస్తుంది. మళ్లీ ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడు తల్లి కనపడకపోతే చాలు ఏడుపు అందుకుంటారు. అందుకే పాపని చూసుకోవడానికి ఎవరినైనా పెట్టుకోవాలనుకుంటే ఆ వయసు రాకముందే అలవాటు చేయడం మేలు, లేదంటే మొదట కొన్నాళ్లు మీరూ పక్కనే ఉండి మెల్లగా తప్పుకోండి. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు పగలు ఒక్కసారే పడుకుంటారు, అంటే పొద్దున దొరికే ఆ గంట పోతుంది. అది పోయాక తల పట్టుకునే బదులు ముందు నుంచే పొద్దున పనిని ఇంకో వేళకి మార్చుకుంటూ రండి.

ఇక గంటలు తెలిశాక వాటిలో ఏం పెట్టాలి అనేది. నేనైతే పనుల్ని రెండు రకాలుగా విడదీయమంటాను, మధ్యలో వదిలేసి లేవగలిగేవి, లేవలేనివి. మెసేజ్‌లకి జవాబివ్వడం, ప్యాకింగ్, ఫోటోలు తీయడం, బిల్లులు ఫైల్ చేయడం, ఇవన్నీ బిడ్డ పడుకున్నప్పుడు చేసుకునేవి. రేట్లు కట్టడం, అగ్రిమెంట్ చదవడం, పెద్ద కస్టమర్‌తో మాట్లాడటం, నెలాఖరు లెక్కలు, వీటిని మాత్రం కునుకు మీద నమ్మకంతో పెట్టుకోకండి. బిడ్డ ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడే, తలుపు వేసుకుని చేయాల్సినవి ఇవి. వారంలో అలాంటి పూటలు రెండు దొరికినా బిజినెస్ నిలబడుతుంది, ఒక్కటీ దొరక్కపోతే మాత్రం ఎంత కష్టపడ్డా ఉన్నచోటే ఉండిపోతారు.

చిన్న అలవాటు ఒకటి, చాలా పనికొస్తుంది. బిడ్డ ఏడుపు వినపడి లేచే ముందు పది సెకన్లు ఆగి ఒక్క లైను రాసి లేవండి. ‘కొటేషన్ రేటు లెక్క అయిపోయింది, డెలివరీ తేదీ వేసి పంపడమే మిగిలింది.’ అంతే. నలభై నిమిషాల తర్వాత తిరిగొచ్చి కూర్చున్నప్పుడు ఎక్కడున్నానబ్బా అని వెతుక్కోవడంలో పోయే టైమ్ మిగులుతుంది.

పాలిచ్చే తల్లులు బయట పనికి వెళ్లాల్సి వస్తే పాలు తీసి పెట్టొచ్చు. గది వేడి 25 డిగ్రీలు దాటకపోతే బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంటాయి. డబ్బా మీద తేదీ రాయండి, పాతవి ముందు వాడమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. బిడ్డ తాగగా సీసాలో మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.

ఇంట్లోవాళ్ల విషయానికొస్తే, ‘కాస్త సాయం చేయండి’ అని అడగడం దగ్గరే చాలా ఇళ్లల్లో పని చెడుతుంది. సాయం అంటే గుర్తుపెట్టుకోవడం, చెప్పడం, మళ్లీ అడగడం అన్నీ మీ నెత్తినే ఉంటాయి. దానికి బదులు ఒక పని మొత్తం అప్పజెప్పేయండి. టీకాల తేదీలు గుర్తుపెట్టుకోవడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం, ఆ కాగితాలు దాచడం అంతా ఆయనదే అనుకుంటే ఇక మీరు దాని గురించి ఆలోచించకూడదు. ఆయన మీలాగా చేయకపోవచ్చు, చేయనివ్వండి. బిడ్డని చూసుకోవడానికి మనిషికో క్రెష్‌కో ఇచ్చే డబ్బుని కూడా మీ లాభంలోంచి పోతున్నట్టు చూడకండి. అది బిజినెస్ ఖర్చే అనుకుని మీ రేట్లలో కలిపి చూసుకోండి. కలిపాక గిట్టడం లేదంటే ఆ రేటు మొదటినుంచీ తక్కువే అన్నమాట.

కస్టమర్లకి తేదీ ఇచ్చేటప్పుడు మూడు రోజుల పనికి ఐదు రోజులు చెప్పండి. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరేడుసార్లు, క్రెష్‌కి వెళ్లేవాళ్లకి ఇంకా ఎక్కువసార్లు జలుబు చేయడం మామూలే, కాబట్టి అది అనుకోకుండా వచ్చిపడే కష్టం కాదు, లెక్కలో ముందే ఉండాల్సింది. అయినా ఆలస్యమైతే గడువు దాటకముందే ‘శుక్రవారం కాదు, సోమవారం అందుతుంది’ అని మీరే చెప్పేయండి. సంజాయిషీ పేరాలు పేరాలు రాయక్కర్లేదు, కస్టమర్‌కి కావాల్సింది కొత్త తేదీ. ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు వేర్వేరు ఖాతాల్లో పెట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను.

ఒక్క విషయంలో మాత్రం పనిని పక్కన పెట్టేయండి. కాన్పయ్యాక ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటాయి, రెండు వారాల్లో తగ్గిపోతాయి. అంతకు మించి సాగినా, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా అది బద్ధకం కాదు, చేతకానితనం అంతకన్నా కాదు. డాక్టర్‌కి చెప్పండి, వైద్యం ఉంది. ఆర్డర్లు ఆగుతాయి, ఆగనివ్వండి.

గంటల లెక్క మూడు నెలలకోసారి మళ్లీ తీయండి. బడికి వెళ్లడం మొదలయ్యాక రోజు ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించి ఎక్కువ పని ఒప్పేసుకుంటారు, సెలవులొచ్చేసరికి ఇరుక్కుంటారు. బడి సెలవుల జాబితా చేతికి రాగానే ఆ తేదీలు ఆర్డర్ల క్యాలెండర్‌లో రాసేసి, ఆ వారాలకి సగం పనే ఒప్పుకోండి.