ఎండోమెట్రియోసిస్ అనుమానం ఉన్నప్పుడు నిపుణుల దగ్గరకు రెఫరల్ ఎలా తీసుకోవాలి?

నెలసరి నొప్పి మాత్రలకు లొంగకుండా ప్రతి నెలా కాలేజీనో పొలం పనినో మాన్పిస్తున్నప్పుడు, ఆ రోజుల్లో మలమూత్ర విసర్జన సమయంలోనూ భార్యాభర్తల కలయికలోనూ నొప్పి కలుగుతున్నప్పుడు, లేదా పిల్లలు కలగడం ఆలస్యమవుతున్నప్పుడు ఎండోమెట్రియోసిస్‌ను అనుమానించాలి. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం సంచి వెలుపల, అండాశయాల మీదో పేగుల మీదో పెరగడమే ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పునరుత్పత్తి వయసులోని స్త్రీలలో, బాలికలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుంది. ‘పెళ్లయితే తగ్గుతుంది, ఒక కాన్పయితే పోతుంది’ అని పెద్దలు చెబుతుంటారు గానీ, పెళ్లీ కాన్పూ దీనికి చికిత్స కావు.

మొదట రెండు మూడు నెలల పాటు ఒక నోటుపుస్తకంలో వివరాలు రాసి పెట్టండి: నెలసరి ఏ తేదీన వచ్చింది, నొప్పి ఎక్కడ, పది మార్కులకు దాని తీవ్రత ఎంత, ఏ మాత్ర వేసుకుంటే ఎంతసేపు తగ్గింది, ఏ పని ఆగిపోయింది. ‘కడుపు నొస్తది’ అన్న ఒక్క మాటతో గ్యాస్ మాత్రలు చేతికి రావచ్చు. అదే నొప్పి ప్రతి నెలా ఆ తేదీలకే వస్తున్నదని కాగితం మీద కనబడితే వైద్యుల ఆలోచన గర్భసంచి వైపు మళ్లుతుంది.

తరువాత దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. 2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమం కింద మంగళవారాల్లో స్త్రీలకు ప్రత్యేక పరీక్షలు ఏర్పాటు చేశారు. మీ కేంద్రంలో అవి ఏ రోజున జరుగుతున్నాయో ఆశా కార్యకర్తను అడగండి. కలయిక గురించిన ప్రశ్నలకు తల్లి ముందో అత్త ముందో జవాబు చెప్పలేకపోతే, కాసేపు ఒంటరిగా మాట్లాడతానని వైద్యురాలిని కోరవచ్చు. అందులో తప్పేమీ లేదు.

అక్కడ రెఫరల్ చీటీ మీద, అంటే పై ఆసుపత్రికి పంపుతూ రాసిచ్చే కాగితం మీద, ‘స్త్రీల వైద్య నిపుణులకు చూపించాలి’ అని మాత్రమే రాయించుకుంటే సరిపోదు. అనుమానం ఎండోమెట్రియోసిస్ అని, నొప్పి ఎన్నాళ్లుగా ఉందో, ఇప్పటిదాకా ఏ మందులు ఎన్ని నెలలు వాడినా తగ్గలేదో ఆ చీటీలో స్పష్టంగా ఉండాలి. వరంగల్ ప్రాంతం వారికైతే వరంగల్‌లోని సీకేఎం ఆసుపత్రిలోనూ, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనూ స్త్రీల వైద్య నిపుణులు ఉంటారు. కాన్పుల హడావుడి నడుమ మీ కథంతా మొదటి నుంచి వినే తీరిక వారికి దొరకకపోవచ్చు కనుక, ఆ నాలుగు వాక్యాల విలువ ఎక్కువ. రెఫరల్ లేకుండా నేరుగా నిపుణుల దగ్గరకు వెళ్లకూడదన్న నియమం లేదు. అయితే ఆరోగ్యశ్రీ కింద శస్త్రచికిత్స అవసరం కావచ్చనుకుంటే రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లి, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రతో ముందే మాట్లాడండి.

చాలామంది ఆగిపోయేది స్కానింగ్ దగ్గర. అండాశయంలో ‘చాక్లెట్ సిస్ట్’ (పాత రక్తం నిండిన తిత్తి) ఉంటే అది సాధారణంగా కనబడుతుంది, కానీ పొట్ట లోపలి పొర మీది చిన్న మచ్చలు తరచుగా కనబడవు. కాబట్టి ‘నార్మల్’ అన్న రిపోర్టుతో జబ్బు లేదని తేలినట్టు కాదు. యోని ద్వారా చేసే స్కానింగ్ మరింత స్పష్టంగా చూపిస్తుంది, పెళ్లి కాని అమ్మాయిలకు అది వీలు కాకపోతే ఎంఆర్ఐ అవసరమా అని అడగవచ్చు. సీఏ 125 రక్తపరీక్ష ఒక్కదానితో దీన్ని నిర్ధారించరు.

నిపుణులను రెండు సంగతులు తప్పక అడగండి: పేగులకు గానీ మూత్రాశయానికి గానీ జబ్బు పాకిందా, లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) అవసరమైతే దానిలో అనుభవం ఉన్నవారు ఇక్కడే ఉన్నారా లేక హైదరాబాద్ పంపుతారా. హార్మోన్ మాత్రలతో చికిత్స మొదలుపెట్టడానికి ఆపరేషన్ చేసి నిర్ధారించే దాకా ఆగనవసరం లేదు. మొదటి మాటగానే గర్భసంచి తీసేయాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునే ముందు రిపోర్టులన్నీ తీసుకుని మరొక నిపుణురాలికి చూపించండి, ఎందుకంటే సంచి వెలుపల మిగిలిన కణజాలం వల్ల ఆ ఆపరేషన్ తరువాత కూడా నొప్పి కొనసాగవచ్చు.